ఎండను పట్టు పొర



మా యూరి బడికప్పుపై సూర్యఫలకములు వేయింపఁదలఁచి, ఊరుమ్మడి సొమ్ము కూడఁబెట్టిన పెద్దలు నన్నొక ప్రశ్న యడిగిరి: “పంతులుగారూ, బరువైన సిలికాను పలకలేల? ప్లాస్టిక్కు పొరయే యెండను పట్టి విద్యుత్తు నిచ్చునఁట గదా! దానికై వేచియుందుమా?”

నేను వెంటనే బదులు చెప్పలేకపోయితిని. ముప్పదియేండ్లు బడిలో “ప్లాస్టిక్కు విద్యుత్తును పోనీయదు, కావుననే తీఁగకుఁ దొడుగైనది” అని వల్లె వేయించినవాఁడను. ఆ తొడుగు విషయమున నా మాట సత్యమే. ప్లాస్టిక్కు లన్నియు నట్టివే యనుట పొరపాటని పిదపఁ జదివి తెలిసికొంటిని. 1977లో షిరకావా, మెక్‌డయార్మిడ్, హీగర్ అను శాస్త్రజ్ఞులు, పాలిఎసిటిలీను పొరకు అయొడిను సోఁకించిన నది లోహమువలె విద్యుత్తును పోనిచ్చునని ప్రకటించిరి. అందులకు వారికి 2000లో నోబెలు బహుమాన మొసఁగిరి.

దీని మర్మ మేమి? ఈ పదార్థమున పరమాణువులు గొలుసుగాఁ గూడియుండును. ఒక బంధము ఒంటిపేట, దాని ప్రక్కది జంటపేట; గురులఘువులు మాఱిమాఱి వచ్చినట్లు వరుస సాగును. ఆ వరుసవలన ఎలక్ట్రానులు గొలుసు వెంబడిఁ గదలఁగలవు.

వెలుఁగు సోఁకఁగనే ఎలక్ట్రాను తన చోటు విడుచును. కాని అది విడిచిన ఖాళీ దానిని వెంటనంటియే యుండును. ఆ జంట సుమారు 10 నానోమీటరులు, అనఁగా మిల్లీమీటరులో లక్షవ వంతు, సాగునంతలో విడివడనిచో మరలఁ గలిసి వ్యర్థమగును. అందుచే ఎలక్ట్రాను నిచ్చు పదార్థమును, పుచ్చుకొను పదార్థమును పడుగుపేకలవలె నల్లుకొనునట్లు కలుపుదురు. 1995లో కాలిఫోర్నియాలో హీగర్ బృందము ఈ మార్గమును జూపెను.

ఇఁక గొలుసును గూర్చువాని చిక్కులు వినుఁడు. సిరావలె ద్రవమునఁ గరఁగిననే గాని దానిని పొరగాఁ బూయరాదు. కరఁగుటకై ప్రక్కలకుఁ గొమ్మలు తగిలింతురు. కొమ్మలు మిక్కుటమైన గొలుసులు దగ్గఱగాఁ జేరవు, విద్యుత్తు నడక మందగించును. ఎఱ్ఱని వెలుఁగును గూడఁ బట్టునట్లు కూర్చిన, వోల్టేజి తఱుగును. యతి కుదిరినచో నర్థము చెడు పద్యమువంటి దీ పని. అయినను నేఁడు ప్రయోగశాలల చిన్న ఘటములు పడిన యెండలో 100కు 19 పాళ్లు మించి విద్యుత్తుగా మార్చుచున్నవి.

మఱి లోపమేమి? ఆయుర్దాయము. గాలి, తేమ, ఎండ యీ గొలుసులను చెఱచును. వేఁడికి పడుగుపేకలు చెదరును. సిలికాను పలకలకో 25 ఏండ్ల హామీ సామాన్యము.

కావున మా పెద్దలతో నిట్లంటిని: “బడిపిల్లలకు విసనకఱ్ఱలు తప్పింపవలసినది ఈ వేసవికే. నేఁడు సిలికానునే కొనుఁడు. ఱేపెవరైనను తేలికపొర తెచ్చి చూపినచో, ఎంత యిచ్చునని మాత్రమే యడుగకుఁడు. మన రోహిణికార్తె యెండలో ఎన్నియేండ్లు నిలుచునో యడిగి, హామీ వ్రాఁతమూలముగాఁ గైకొనుఁడు.”

వారు సమ్మతించిరి. మీకును ఇదియే నా మనవి.