ఆటకు వ్యాఖ్యానం, చట్టానికి హద్దు
(వజ్రోత్సవానంతర ప్లాటినం ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యాఖ్యాత అనగానే తెలుగువారికి మల్లినాథసూరి స్మరణకు వస్తాడు. మెదకు సీమకు చెందిన ఆ పండితుడు కాళిదాసు కావ్యాలకు శ్లోకం వెంట శ్లోకంగా వ్యాఖ్య వ్రాశాడు. కాళిదాసు పక్షాన హక్కు అడిగేవారెవరూ లేరు. నేడు పిల్లలు వీడియో గేము ఆడుతూ, తెర మీది ఆటను చూపుతూ, తెలుగులో వ్యాఖ్యానించి యూట్యూబులో ఉంచుతున్నారు. వీరి మూలానికి మాత్రం యజమాని ఉన్నాడు.

ఆటలోని బొమ్మలకు, సంగీతానికి, కథకు కాపీరైటు కలదు. ఆటను వెల పెట్టి కొన్నవానికి ఆడుకొనే హక్కు లభిస్తుందే గాని, దానిని లోకానికి ప్రదర్శించే హక్కు లభించదు. అయితే 1957 నాటి భారత కాపీరైటు చట్టం 52వ సెక్షనులో విమర్శకూ సమీక్షకూ న్యాయమైన వాడకాన్ని అనుమతించింది. అమెరికా చట్టం నాలుగు సంగతులు విచారించమంటుంది: వాడిన ప్రయోజనమేమి, మూలకృతి ఎటువంటిది, ఎంత భాగం తీసుకొన్నారు, మూలం విపణికి నష్టం కలిగిందా అని. "హక్కులు యజమానివే" అని వీడియో క్రింద ఒక వాక్యం వ్రాసినంత మాత్రాన రక్షణ లభించదు.

2017లో న్యూయార్కు ఫెడరల్ న్యాయస్థానం తీర్పు ఇందుకు మంచి ఉదాహరణ. అది ఆట కాదు, 5 నిమిషాల 24 సెకన్ల హాస్యచిత్రం. అందులో 3 నిమిషాల 15 సెకన్లు వాడుకొని, మాటిమాటికీ ఆపి విమర్శించిన వీడియో న్యాయమైన వాడకమేనని తేలింది. సగానికి మించి వాడినా విమర్శే ప్రధానమైంది. వ్యాఖ్య లేక కేవలం పదిమందితో కూర్చుని చూసినట్లుండే వీడియోల సంగతి వేరని కూడా ఆ తీర్పు సూచించింది.

జపానులో 2023లో సెందాయి జిల్లా న్యాయస్థానం మరో విధంగా తీర్పు చెప్పింది. కథ చదువుకొనిపోవడమే ప్రధానమైన ఒక ఆటను ముగింపుతో సహా చూపి, యానిమేషన్ చిత్రాల సంక్షిప్తాలను కూడా పెట్టి, ప్రకటనల ఆదాయం పొందిన వ్యక్తికి 2 సంవత్సరాల జైలుశిక్ష (5 సంవత్సరాలు నిలుపుదల), 10 లక్షల యెన్‌ల జరిమానా విధించింది. పరుగుపందెం ఆటను చూసినవానికి తానూ ఆడాలనిపించవచ్చు. కథ అంతా తెలిసిపోయిన ఆటను కొనేదెవరు?

కంపెనీల అనుమతి వేరు, చట్టమిచ్చిన హక్కు వేరు. నింటెండో సంస్థ 2013లో ఇటువంటి వీడియోల ఆదాయాన్ని తనదిగా కోరింది. 2015లో వాటా పథకం పెట్టింది. 2018లో దానిని విరమించి, నియమాలు పాటించేవారికి అనుమతినిచ్చింది. ఐదేళ్లలో మూడు విధానాలు!

యూట్యూబు 2007లో ప్రవేశపెట్టిన కంటెంట్ ఐడీ యంత్రం పోలికను పట్టగలదు గాని విమర్శను గుర్తించలేదు. కనుక నిజాయితీగా సమీక్షించిన పిల్లవాని వీడియోపై కూడా ఆక్షేపణ రావచ్చు. హక్కుదారు ఫిర్యాదుపై వీడియోను తొలగిస్తే, అమెరికా చట్టం ప్రకారం ప్రతినోటీసు పంపవచ్చు. ఫిర్యాదీ దావా వేయకుంటే 10 నుండి 14 పనిదినాలలో వీడియోను తిరిగి ఉంచవలసి ఉంటుంది. కాని ఆ నోటీసులో పేరు, చిరునామా ఇచ్చి, అమెరికా న్యాయస్థానం అధికారానికి సమ్మతించి సంతకం చేయాలి. ఇంట్లో పెద్దలు ఆ కాగితం చదవవలసిన ఘట్టం అదే.