వృద్ధులకు విప్పుడు కథలు
(శతవార్షికోత్సవాల సందర్భంగా స్త్రీల మైత్రి కూడికలో చేసిన ప్రసంగము)



ఈ నూరేళ్ళ పండుగలో సంఘ చరిత్రను గురించి, గుడులు కట్టిన తీరును గురించి పెద్దలు మాట్లాడారు. నాకు ఇచ్చిన అంశం చాలా చిన్నది. అట్టముక్కలతో ఇంట్లో చేసుకొనే చిక్కుబొమ్మలు, పదాల ఆటలు ముసలివారి బుద్ధికి ఎలా పనికివస్తాయి అన్నది. ఇదేమి ప్రసంగమమ్మా అని మా ఇంట్లోనే నవ్వారు. అయితే న్యాయాధిపతులు 14వ అధ్యాయం తీసి చూడండి. సమ్సోను తన పెండ్లి విందులో ముప్పదిమందికి విప్పుడు కథ వేసి, ఏడు దినాల గడువు ఇచ్చాడు. శేబ దేశపు రాణి సొలొమోనును చూడవచ్చినప్పుడు గూఢమైన ప్రశ్నలే పట్టుకొని వచ్చింది. 119వ కీర్తన హెబ్రీ అక్షరాల వరుసలో 22 భాగాలుగా, భాగానికి 8 వచనాల చొప్పున కట్టి ఉన్నది. కంఠస్థం చేసేవారికి అదొక ఊతకర్ర. కాబట్టి ఈ పని మన గ్రంథానికి దూరమైనది కాదు.

నేను ఇందులోకి మా అత్తగారి వల్ల దిగాను. ఆమె ముప్పై ఏళ్ళు బైబిలు స్త్రీగా ఊరూరా తిరిగిన మనిషి. 66 పుస్తకాల పేర్లు ఊపిరి తిప్పకుండా చెప్పేది. ఎనభై దాటాక ఒక ఆదివారం గుడి మెట్ల మీద పాస్టరమ్మగారిని వెనుకటి పాస్టరమ్మగారి పేరుతో పిలిచింది. పక్కనున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. కీడు తలచి కాదు, ఊరికే నవ్వారు. మరుసటి ఆదివారం నుండి ఆమె మోకాళ్ళ నొప్పి అన్నది. నాలుగు నెలలు మోకాళ్ళ నొప్పే. అది నొప్పి కాదు, సిగ్గు అని తెలుసుకోవడానికి నాకు అంత కాలం పట్టింది.

మొదట డాక్టరుగారికి చూపించాం. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే మరపు అంతా ముసలితనమే అని మనం వదిలేస్తాం. థైరాయిడ్ లోపం, బి12 విటమిను తక్కువ కావడం, వాడుతున్న మాత్రలు, చెవులు సరిగా వినబడకపోవడం - వీటివల్ల కూడా మతి మందగిస్తుంది. వీటికి చాలావరకు వైద్యం ఉన్నది. హఠాత్తుగా మాట తడబడితే మాత్రం ఏ ఆటలూ పెట్టవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి.

తరువాత నేను బజారులో ఒక బాతుబొమ్మ కొన్నాను. ఆరు ప్లాస్టిక్ ముక్కలు. ఆమె దానివంక చూసి, "ఏమే అమ్మాయీ, నన్ను మళ్ళీ పలకా బలపం దగ్గర కూర్చోబెడతావా?" అని పక్కకు నెట్టింది. రెండో తప్పు ఇంకా పెద్దది. పాత ఫొటోలు ముందు పెట్టి, "ఇది ఎవరత్తయ్యా? గుర్తు లేదా? మొన్న చెప్పారే!" అని అడగసాగాను. ఒకరోజు ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. ఆట పేరున నేను పరీక్ష పెడుతున్నానన్నమాట. బడిపంతులమ్మ ఉద్యోగం మానినా ఆ బుద్ధి పోలేదు. "గుర్తు లేదా" అన్న మాట ఆనాటితో మా ఇంట్లో మానివేశాం.

అప్పుడు సొంతంగా చేయడం మొదలుపెట్టాను. పాత శుభలేఖల అట్టలు, క్యాలెండరు బొమ్మలు చాలు. బొమ్మను అట్టకు అంటించి, పైన బరువు పెట్టి ఒక రాత్రి ఆరనివ్వాలి. మైదా ఉడికించిన జిగురు సరిపోతుంది. పుస్తకాలు కట్టేవారు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు; అది విషం, మనం కలపకూడదు, పెద్దవారు ఒక్కోసారి ముక్క నోట్లో పెట్టుకొంటారు. ముక్క అగ్గిపెట్టెకన్న చిన్నది కాకూడదు. మొదట 6, తరువాత 9, 12. మెరిసే కాగితం వద్దు, ట్యూబులైటు వెలుగు దానిమీద పడి కళ్ళు చెదురుతాయి. పూర్తి బొమ్మ ఇంకొకటి పక్కన పెట్టాలి. ముక్కలు పెట్టుకోవడానికి నేను ఎన్నో పళ్ళాలు చూశాను, మన చేటను మించినది లేదు. ఒళ్ళో ఇముడుతుంది, అంచు ఉంటుంది, ముక్క కింద పడదు.

పదాల ఆటకు అక్షరాన్ని విరవకూడదు. గుణింతము, ఒత్తు అన్నీ కలిసి ఒకే గడిలో ఉండాలి. కపెర్నహూము అంటే క, పె, ర్న, హూ, ము - ఐదు ముక్కలు. తారుమారు చేసి ఇస్తే సరిచేస్తారు. చదువురాని అమ్మమ్మలకు గుడ్డసంచిలో శొంఠి, పసుపుకొమ్ము, చింతపిక్క, కుంకుడుకాయ వేసి, చూడకుండా చేతితో తడిమి పేరు చెప్పమంటే మనకంటే త్వరగా చెబుతారు. ఆవకాయ పెట్టే వరుసను బొమ్మలుగా గీసి చీట్లు ఇచ్చాను. కాయలు కడిగిన వెంటనే కోసే చీటీ పెట్టానని మా అత్తగారు చేట తోసేసి, "తడి తుడవకుండా కోస్తే బూజు పట్టదూ?" అని మందలించారు. నిజమే, తుడిచే చీటీ నేను గీయనే లేదు.

ఇవన్నీ మరపు జబ్బును నయం చేస్తాయని నేను చెప్పను. ఎవరైనా చెబితే నమ్మవద్దు. అయితే 2003లో ఇంగ్లాండులో ఒక పరిశోధన ప్రచురించారు. మరపు జబ్బు ఉన్న వృద్ధులను చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, వారానికి రెండుసార్లు, ఏడు వారాలు, మొత్తం 14 కూడికలు జరిపారు. పదాల ఆటలు, వస్తువులు, పాత సంగతులు. వారి జ్ఞాపకశక్తి, మనసు నెమ్మది కొంత మెరుగుపడ్డాయి. గుంపుగా అన్న మాట గమనించండి. 2024లో లాన్సెట్ వైద్యపత్రిక సంఘం మరపు జబ్బుకు దారితీసే 14 కారణాలను లెక్కించింది. వాటిలో రక్తపోటు, మధుమేహం, వినికిడి లోపంతోపాటు ఒంటరితనం కూడా ఉన్నది. చేట ఇచ్చి మూలకు కూర్చోబెట్టి మనం టీవీ చూస్తే ప్రయోజనం తక్కువ.

1760లలో లండనులో జాన్ స్పిల్స్‌బరీ అనే పటాల పనివాడు దేశపటాన్ని చెక్కకు అంటించి, సరిహద్దుల వెంట కోసి, పిల్లలకు భూగోళం నేర్పడానికి అమ్మాడట. ఈ సంగతి మా అత్తగారికి చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. రెండు రోజుల తరువాత క్యాలెండరు వెనుకవైపు పెన్సిలుతో ఏదో గీస్తూ కనబడింది. కాలవ, తాటితోపు, రేవు, తాను నడిచి తిరిగిన పదకొండు ఊళ్ళు. పేర్లు ఎక్కడా వ్రాయలేదు. నన్ను అట్టకు అంటించమని, తానే గీత గీసి చూపించి కత్తిరించమన్నది. ముక్కలు చేటలో పోసి, "ఇప్పుడు మీరు పెట్టండి" అన్నది.

మా వల్ల కాలేదు. మా ఆయన పుట్టిన ఊరు ముక్కను కూడా ఆయన తలక్రిందులుగా పెట్టాడు. ఆమె మాత్రం ఒక్కొక్క ముక్క తీసి, ఇక్కడ బావి, ఇక్కడ ఫలానావారి పాకలో మొదటి ప్రార్థన, ఇక్కడ నాకు జ్వరం వచ్చింది అంటూ అమర్చింది. పాస్టరమ్మగారి పేరు మరచిన మనిషే!

పాస్టరమ్మగారే స్వయంగా ఇంటికి వచ్చి, "అమ్మగారూ, మా పిల్లలకు కూడా మీ పటం పెట్టరా?" అని అడిగితే, ఆమె ఆ చేట పట్టుకొని మళ్ళీ గుడికి వచ్చింది. ఆదివారపు బడి పిల్లలకు ఆ పటం కూర్చడానికి రెండు ఆదివారాలు పట్టింది. ఆ పిల్లల పేర్లు ఆమెకు ఒక్కటీ నిలవలేదు, అందరినీ నాయనా అనే పిలిచింది. పిల్లలకు ఆ తేడా తెలియలేదు.

ఆమె పోయి మూడేళ్ళయింది. ఆ పటం రేకుడబ్బాలో భద్రంగా ఉన్నది, ఈరోజు తెచ్చాను. భోజనాల తరువాత కిటికీ పక్క బల్లమీద పెడతాను. మీ పెద్దవారిని అక్కడికి తీసుకొని రండి. ఇంటికి వెళ్ళాక పాత శుభలేఖలు పారవేయకుండా నాకు పంపించండి, అట్టలు అయిపోయాయి.