కారు ఇంజనులో టైమింగు బెల్టు: జబ్బు గుర్తించడం ఎట్లా?



ఉగాది వెళ్ళిందంటే పిల్లల పరీక్షలు ముగుస్తవి, సెలవులు వస్తవి, పెండ్లి ముహూర్తాలు వస్తవి. చెన్నపట్నం నుండి నాయుడుపేట మీదుగా నెల్లూరికి, బెంగుళూరు నుండి ముళబాగిలు మీదుగా చిత్తూరికి, షోలాపూరు నుండి జహీరాబాదు మీదుగా హైదరాబాదుకు, బరంపురం నుండి ఇచ్ఛాపురం దాటి శ్రీకాకుళానికి మనవాళ్ళు కార్లలో బయలుదేరుతారు. టైర్లలో గాలి చూస్తారు, రేడియేటరులో నీళ్ళు చూస్తారు, చక్రాల క్రింద నిమ్మకాయలు పెడతారు. ఇంజను ప్రక్కన మూతలో దాగి ఉన్న రబ్బరు బెల్టు సంగతి మాత్రం ఎవరికీ జ్ఞాపకం రాదు. దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. షెడ్డు పనివాళ్ళం కనుక షెడ్డు భాషలోనే చెప్పుతున్నాము, పండితులు మన్నించాలి.

ఇంజనులో పిస్టన్లు పైకీ క్రిందికీ ఆడుతుంటే క్రింద క్రాంకు షాఫ్టు తిరుగుతుంది. పైన కాం షాఫ్టు తిరుగుతూ వాల్వులను తెరిచి మూస్తుంది. క్రాంకు రెండు చుట్లు తిరిగేసరికి కాం సరిగా ఒక్క చుట్టు తిరగాలి. ఈ లెక్క తప్పకుండా రెండింటినీ కలిపి నడిపేది పళ్ళున్న ఈ బెల్టే. అంబాసిడరులోనూ, ప్రీమియరు పద్మినిలోనూ ఈ చోట ఇనుప చైను ఉండేది. జర్మనీలో గ్లాసు కంపెనీవారు 1962లోనే తమ 1004 కారులో రబ్బరు బెల్టు పెట్టారు. మన దేశంలో మాత్రం 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 తోనే ఇది మధ్యతరగతి ఇండ్లలో అడుగుపెట్టిందనవచ్చు. ఇప్పటి కార్లలో కొన్నిటికి బెల్టు, కొన్నిటికి చైను; మీదేదో కారుతో వచ్చిన పుస్తకం చూసి తెలుసుకోండి.

బెల్టు తెగితే ఏమవుతుంది? కొన్ని ఇంజన్లలో వాల్వుకూ పిస్టనుకూ మధ్య చోటు ఉంటుంది. అవి ఊరక ఆగిపోతవి, కొత్త బెల్టు వేస్తే మళ్ళీ నడుస్తవి. నేటి ఇంజన్లలో చాలావాటికి ఆ చోటు లేదు. కాం ఆగిపోయి, తెరిచిన వాల్వు క్రిందికి దిగి ఉండగానే పిస్టను పైకి వచ్చి కొట్టుతుంది. వాల్వులు వంగుతవి, ఒక్కొక్కప్పుడు పిస్టను కూడా పగులుతుంది. ఒక బెల్టుతో పోవలసిన ఖర్చు హెడ్డు విప్పేదాకా వస్తుంది.

మమ్ములను అందరూ అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది: "తెగేముందు ఏ చప్పుడు చేస్తుందండీ?" అనేకసార్లు ఏ చప్పుడూ చేయదు! నిన్నటి దాకా చక్కగా నడిచిన బండే నేడు నడిరోడ్డున ఆగుతుంది. అందుచేత మొదటి పరీక్ష చెవితో కాదు, పుస్తకంతో. ఎన్ని కిలోమీటర్లకు, ఎన్ని సంవత్సరాలకు మార్చాలో అందులో ఉంటుంది. 60,000 అని ఒకరు, 1,00,000 అని మరొకరు. బండిని బట్టి మారుతుంది. కిలోమీటర్లూ సంవత్సరాలూ రెండూ వ్రాసి ఉంటే ఏది ముందు వస్తే అదే గడువు. ఆదివారం గుడికి మాత్రమే తీసే కారు ఐనా రబ్బరుకు వయస్సు ఆగదు. సెకండు హ్యాండు కారు కొన్నవారు, బెల్టు మార్చిన బిల్లు చేతికి రాకపోతే, మార్చలేదనే అనుకోవాలి. "మొన్ననే వేయించామండీ" అన్న నోటిమాట బిల్లు కాదు.

మూత విప్పి చూడవచ్చు. పళ్ళు ఊడటం, అంచు పీచులు లేవటం, వెనుక అడ్డంగా చీలికలు, నూనె తడి, వీటిలో ఏది కనిపించినా మార్చవలసిందే. అట్లని ఏమీ కనిపించకపోతే బాగున్నదని కాదు. ఈనాటి రబ్బరు మంచి జాతిది. గడువు తీరినా పైకి నిగనిగలాడుతూ ఉండగలదు. కొన్ని ఇంజన్లలో బెల్టు ఆయిలులోనే తిరుగుతుంది. దానికి పుస్తకంలో చెప్పిన ఆయిలే పోయాలి. వేరే ఆయిలు పోస్తే రబ్బరు ఉబ్బి, పొట్టు రాలి, ఆయిలు దారి మూసుకుపోతుంది.

ఇక చప్పుళ్ళు. వానలో స్టార్టు చేయగానే కీచుమంటే అది సాధారణంగా బయటి ఫ్యాను బెల్టు, దీనితో సంబంధం లేదు. పైన టిక్కు టిక్కుమంటే ముందు ఆయిలు మట్టం, తరువాత ట్యాపెట్లు చూడాలి. మూత లోపల గరగరమంటే టెన్షనరు బేరింగు గాని వాటర్ పంపు బేరింగు గాని అరిగి ఉండవచ్చు. దీనిని అలక్ష్యం చేయరాదు. చాలా ఇంజన్లలో వాటర్ పంపును తిప్పేది కూడ ఈ బెల్టే; పంపు బిగుసుకుంటే బెల్టు పళ్ళు ఊడిపోతవి. అందుకే బెల్టుతోపాటు టెన్షనరూ, ఈ బెల్టు మీద నడిచేదైతే వాటర్ పంపూ, కారుతున్న ఆయిలు సీళ్ళూ మార్పించమంటాము. ఇవి పైసలకోసం చెప్పే మాటలని కొందరికి అనుమానం. ఒకసారి విప్పిన కూలి రెండుసార్లు ఇవ్వడమే దండుగ కాదా?

బెల్టు తెగక ఒక పన్ను జారితే వేరే లక్షణాలు. స్టార్టు కష్టం, ఐడిలింగులో వణుకు, పికప్పు తగ్గటం, మిస్సింగు, ఇంజను దీపం వెలగటం. ప్లగ్గులు చెడినా ఇవే వస్తవి గనుక ప్లగ్గులు మార్చి ఊరుకుంటారు. గుర్తులు కలుస్తున్నవో లేవో చూసేదాకా ఆ బండిని నడపకండి. మెకానిక్కు స్పానరుతో క్రాంకును తిరిగే దిక్కుకే రెండు పూర్తి చుట్లు చేతితో త్రిప్పితే, క్రిందిదీ పైదీ గుర్తులు మళ్ళీ తమ చోటికి రావాలి.

రోడ్డు మీద ఇంజను హఠాత్తుగా ఆగిపోతే ముందు ప్రాణాల సంగతి. బ్రేకును మాటిమాటికి తొక్కవద్దు. రెండు మూడు తొక్కులకే పెడలు గట్టిపడుతుంది. ఒకే నొక్కుగా నొక్కి ప్రక్కకు తీయండి. తాళంచెవి లాగివేస్తే స్టీరింగు బిగుసుకుంటుంది, అది ఆగిన తరువాతనే. పిల్లలను రోడ్డు అవతలకు పంపి, అప్పుడు ఒక్కసారి సెల్ఫు ఇచ్చి వినండి. ఎప్పటి బరువైన ఊగు లేకుండా, ఉత్త మోటారు తిరిగినట్లు తేలికగా, గబగబా తిరిగిందా? బెల్టు పోయిందని అనుమానించి చేయి తీసివేయండి. రెండవసారి ఇవ్వకండి. ఆయిలు మూత తీసి, సెల్ఫు ఇస్తూ కాం తిరుగుతున్నదేమో చూసే పాత పద్ధతి ఒకటి ఉన్నది. ప్రతి చుట్టుతోనూ మరో వాల్వు వంగవచ్చు గనుక మేము దానిని మెచ్చము. పై మూత విప్పి కంటితో చూడడమే మేలు.

అన్నిటికంటె ముఖ్యం, తోయించకండి. మన దేశంలో కారు ఆగితే చాలు, టీ దుకాణం నుండి నలుగురు పరుగెత్తి వచ్చి తోస్తారు. వారి మంచితనానికి నమస్కరించి, గేరు న్యూట్రలులో పెట్టి ప్రక్కకు మాత్రమే తోయమనండి. గేరులో పెట్టి తోసి స్టార్టు చేయబోతే బ్రతికి ఉన్న వాల్వులు కూడా పోతవి.

షెడ్డుకు చేరిన పిదప హెడ్డు విప్పుతామని వెంటనే అంటే ఒక మాట అడగండి: ముందు గుర్తులు కలిపి బెల్టు వేసి, చేతితో త్రిప్పి అడ్డు తగలటం లేదని చూసి, కంప్రెషను కొలవగలరా అని. అన్ని సిలిండర్లూ సమంగా చూపితే హెడ్డు బ్రతికినట్లే. కొత్త బెల్టు వేసిన తేదీ, ఆనాటి కిలోమీటర్లు ఒక చీటీ మీద వ్రాసి బానెట్టు లోపలివైపు అంటించండి. బిల్లు కారు పుస్తకంలో పెట్టండి.