గోదారి గట్టు పక్కన భోజనశాల
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరుసలో మా డ్రాయింగు మాస్టారు కూర్చున్నారు. ఇంజనీరుని గదా, వంతెనల గురించి చెబుతాననుకుంటున్నారేమో. ఈ పూట ఒక రెస్టారెంటు సంగతి చెబుతాను.

నాలుగేళ్ల క్రితం ఒకాయన గోదారి పక్కన హోటలు కట్టాలని నా దగ్గరకొచ్చాడు. చేతిలో ఒక ఫొటో. అమెరికాలో, ఒరెగాన్ రాష్ట్రంలో, హుడ్ పర్వతం మీదున్న టింబర్‌లైన్ లాడ్జ్ అది. లాడ్జి అంటే మన బస్టాండు పక్కనుండేది కాదు, రాళ్లూ దుంగలతో కట్టిన కొండ విడిది. "అచ్చం ఇలాగే కావాలి, కానీ మన ఆర్టుతో" అన్నాడు.

అక్కడ కప్పు అంత వాలుగా ఉండేది మంచు కోసం. మనకు వాన జారితే చాలు, భయమంతా వరదతోనే. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. అప్పుడు మన బడి గదుల్లో బెంచీలు తీసేసి ముంపు ఊళ్లవాళ్లకు చోటిచ్చారు, గుర్తుందా? అందుకే గట్టుకి ఇవతలే, స్తంభాల మీద ఎత్తుగా భోజనాల గది పెట్టాను. అక్కడిదాకా లెక్కలే.

చిక్కు మెట్ల దగ్గర వచ్చింది. టింబర్‌లైన్‌ని 1930ల మాంద్యంలో పనుల్లేనివాళ్లకు పని కల్పిస్తూ ప్రభుత్వం కట్టించింది. 1937లో రూజ్‌వెల్ట్ ప్రారంభించాడు. పాత కరెంటు స్తంభాలను గుడ్లగూబలుగా, ఎలుగుబంట్లుగా చెక్కి మెట్ల మొదట్లో నిలిపారు. మావాడేమో ఏటికొప్పాక పని ఒక్కటి తెప్పించి, దాని అచ్చు తీసి, ఫైబరుతో పాతిక పోత పోయిద్దామన్నాడు. ఖర్చు తక్కువ, పని తొందర. నేనూ డ్రాయింగు మీద సంతకం పెట్టేశాను. ఇవాళ చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఆ ఒక్కటీ చేయించడానికి ఏటికొప్పాక వెళ్లాను. ఒక పెద్దాయన తిరుగుతున్న కర్రకు లక్క పట్టించి, మొగలాకుతో మెరుగు పెడుతూ నా మాట విన్నాడు. "ఇది అంకుడు కర్ర బాబూ, మెత్తన. బొమ్మకి సరే గానీ మనిషి బరువు ఆగదు. లోపల టేకు కడ్డీ పెట్టండి, దానిమీద పూసల్లా నేను ముక్కలు తొడుగుతాను. ఎన్ని కావాలి?" అన్నాడు.

ఒకటే అని చెప్పడానికి నోరు పెగల్లేదు.

తిరిగొచ్చి డ్రాయింగు మార్చాను. యజమానితో మూడు వారాలు గొడవ. నా ఫీజులో కొంత వదులుకుంటే పన్నెండు స్తంభాలకు ఒప్పుకున్నాడు. మిగతా రెయిలింగంతా ఇనుమే. గోడల మీది కలంకారీ కూడా మిల్లు ప్రింటే, అక్కడ ఓడిపోయాను.

మాస్టారూ, ఏడో తరగతిలో పక్కవాడి బొమ్మ కింద నేను నా పేరు రాసుకుంటే, మీరు కొట్టేసి వాడి పేరు నాతోనే రాయించారు. ఆ పెద్దాయన పేరు మొదటి మెట్టు దగ్గరి స్తంభం మీద ఉంది. అటు వెళ్లినప్పుడు దాన్ని పట్టుకునే పైకెక్కండి.