బుగ్గలు తరిగితే మూత్రం చూపించండి



పిల్ల బుగ్గలు లోపలికి పోతే మనం ముందుగా అనే మాట, "తిండి సరిగ్గా పెట్టడంలేదా?" అని. మా అల్లూరు వైపైతే దిష్టి తీసి, అన్నంలో ఇంత నెయ్యి వేసి, చేపల పులుసు ఇంకో గరిటె వడ్డిస్తాం. కాని నెయ్యికి లొంగని చిక్కిపోవడం ఒకటుంది. బహు అరుదు. 1906లో స్పెయిన్ డాక్టరు బరాకెర్, 1911లో జర్మనీ డాక్టరు సైమన్స్ దీన్ని వివరించారు. ఆ ఇద్దరి పేర్లతోనే పిలుస్తారు.

ఎక్కువగా ఆడపిల్లలకే, చిన్నతనంలోనో ఎదిగే వయసులోనో మొదలవుతుంది. ఒక్కోసారి తట్టులాంటి జ్వరం తగిలాక బయటపడుతుంది. కొవ్వు ముందు ముఖంలో కరిగి, తర్వాత మెడ, చేతులు, రొమ్ము దాకా తరుగుతుంది. నడుము కింద మాత్రం మామూలుగానో, ఇంకాస్త బొద్దుగానో ఉంటుంది. తిండి చాలకపోతే ఒళ్ళంతా చిక్కుతుందిగాని, పై సగమే చిక్కుతుందా చెప్పండి?

మన రక్తంలో సూక్ష్మజీవులను ఎదిరించే కాపలా మాంసకృత్తుల్లో సి3 ఒకటి. ఈ జబ్బున్న చాలామందిలో, ఆ కాపలా పనిని ఆగనివ్వని పదార్థం ఒంట్లోనే పుడుతుంది. కొళాయి కట్టెయ్యకుండా ఎవరో పట్టుకున్నట్టన్నమాట! సి3 ఖర్చైపోతుంది. దెబ్బ కొవ్వు కణాలకూ తగులుతుంది, కిడ్నీలో వడపోసే జల్లెడకూ తగులుతుంది.

సుమారు అయిదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు వస్తుంది. వెంటనే కాదు, సగటున 8 ఏళ్ళకు. ఈలోగా పిల్ల పెద్దదై ఇంట్లో పెళ్ళి మాటలు మొదలై ఉంటాయి. అందరి కళ్ళూ ఆ ముఖం మీదే. ఇక మూత్రం సంగతి ఎవరికి తడుతుంది?

ఆ ఏళ్ళే మనకు దొరికిన గడువు. మూత్రంలో ప్రోటీను, రక్తంలో క్రియాటినిన్, సి3, రక్తపోటు డాక్టరు చెప్పినప్పుడల్లా చూపించాలి. మూత్రం నురగ కట్టినా, పొద్దున్నే కళ్ళ చుట్టూ ఉబ్బినా, పాదాలు వాచినా ఆలస్యం చెయ్యకండి. నొప్పి మాత్రలు సొంతంగా మింగించకండి. డాక్టరు ఉప్పు తగ్గించమంటే ఉప్పుచేప, ఆవకాయ పక్కన పెట్టాల్సిందే.

ముఖానికి కొవ్వు ఎక్కించే చికిత్సలున్నాయి. వాటితో బుగ్గలు నిండుతాయిగాని కిడ్నీ బాగుపడదు.

చిక్కిన ప్రతి పిల్లకూ ఇదేనని బెంగపడకండి. ఇది అంటుకునే జబ్బూ కాదు, తల్లి పెంపకంలో లోపమూ కాదు. అలాంటి పిల్ల ఎదురైతే, నలుగురిలో "ఎందుకిలా అయిపోయావే?" అనకండి. తల్లిని పక్కకు పిలిచి, "మూత్రం పరీక్ష చేయించావా అమ్మా?" అని అడగండి. అదే మనం చెయ్యగల మేలు.