వరి పూత – విత్తనం మీద హక్కు

(కోస్తా మండలాల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుట నుంచి విత్తనం బస్తా ధర గురించే మాట్లాడుకుంటున్నాం. ధర సంగతి నాకంటే ముందు మాట్లాడినవాళ్లు చెప్పారు. నేను పువ్వు సంగతి చెప్తాను. ఏ విత్తనం మన ఇంట్లో దాచుకోవచ్చు, దేనికి ఏటా షాపు మెట్లెక్కాలి అనేది అక్కడే తేలుతుంది.

వరికి పువ్వెక్కడుంది అంటారు కొందరు. వెన్ను బయటికొచ్చాక మనం ఖాళీ ఊక అనుకునేదే పువ్వు. ఎక్కువగా ఉదయం 9 నుంచి 12 గంటల మధ్య ఆ ఊక రెండు చెక్కలుగా విచ్చుకుంటుంది. లోపల 6 మగ కేసరాలు, నడుమ అండాశయం, దానిపైన ఈకల్లాంటి రెండు కొనలు. కేసరాల తిత్తులు పగిలి సుంకు, అంటే పుప్పొడి, ఆ ఈకల మీదే రాలుతుంది. గంటకు అటూ ఇటూగా తలుపులు మళ్లీ మూసుకుంటాయి. బయట వేలాడే పోగులు మన కంట పడేసరికి లోపల పని అయిపోయి ఉంటుంది. వరి పుప్పొడికి ప్రాణం కొద్ది నిమిషాలే.

ఈక మీద పడిన రేణువు మొలకెత్తి సన్నటి గొట్టంలా అండాశయంలోకి దిగుతుంది. దాని వెంట రెండు మగ కణాలు పోతాయి. ఒకటి అండంతో కలిసి రేపటి మొలక అవుతుంది. రెండోది ఆ పక్కనే మరో కలయిక జరిపి పిండి తయారీకి నాంది పలుకుతుంది. మనం తినే అన్నం ఈ రెండో కలయిక పుణ్యమే. అది జరక్కపోతే గింజ పాలు పోసుకోదు, తాలు మిగులుతుంది.

అందుకే వెన్నులో పూత నడిచే ఆ వారం రోజులు పైరుకు గండం. పూత వేళ వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతింటుంది. మన ఎడగారు పైరుకు ఈ భయం ఎక్కువ. వాన పట్టినా అంతే. ఇవి మన చేతిలో లేవు గానీ మందు కొట్టే వేళ మన చేతిలోదే. పూత మీదున్న పైరుకు పొద్దున పూట పిచికారీ చేయొద్దు. తప్పదనుకుంటే సాయంత్రం చెయ్యండి.

ఇక అసలు విషయం. వరి తన పుప్పొడితో తానే కట్టుకుంటుంది. పక్క మొక్క సుంకు వచ్చి కలిసేది సాధారణంగా నూటికి ఒకటి కూడా ఉండదు. ధృవీకరణ విత్తన పొలానికీ పక్క రకానికీ 3 మీటర్ల ఎడం ఉంటే చాలన్నది ఇందుకే. మొలకొలుకులు తరతరాలుగా మన రైతుల ఇళ్లలో నిలిచిందీ ఇందుకే. నెల్లూరు పరిశోధనా స్థానం ఇచ్చిన ఎన్.ఎల్.ఆర్ 34449 కూడా అంతే. కొత్త రకం పుట్టించాలంటే శాస్త్రవేత్తలు తిత్తులు పగలకముందే ఊక కొన కత్తిరించి, 6 కేసరాలూ తీసేసి, వేరే రకం పుప్పొడి చల్లి, కాగితం సంచి తొడగాలి. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏరి, గుణం నిలబెట్టాలి. నిలబడ్డాక అది మన పొలంలో తనను తానే కంటుంది.

హైబ్రిడ్ కథ వేరు. 1970లో చైనాలోని హైనాన్ దీవిలో యువాన్ లాంగ్‌పింగ్ బృందానికి పుప్పొడి పనిచేయని అడవి వరి మొక్క దొరికింది. హైబ్రిడ్ వరికి దారి తీసింది అదే. మగతనం లేని వరుసల పక్కన మగ వరుసలు నాటి, పూత వేళ తాడు లాగి సుంకు రాలుస్తారు. అక్కడ 3 మీటర్లు చాలవు, 100 మీటర్ల ఎడం కావాలి. ఆ విత్తనం మొదటి పంటకు బాగానే పండుతుంది. దాని గింజ తిరిగి చల్లితే ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి ముందు ఈనుతుంది, కొన్ని తాలు పోతాయి. హైబ్రిడ్ వద్దని నేననను. కానీ దిగుబడితోపాటు ఏటా కొనే ఖర్చు కూడా లెక్కలో రాసుకోండి.

ఇసుక నేలల్లో మన వేరుశనగ కూడా స్వయంగా కట్టుకునేదే. పూత తర్వాత ఊడ దిగి నేలలో కాయవుతుంది. దోస, గుమ్మడి అట్లా కాదు. ఆడపువ్వు వేరు, మగపువ్వు వేరు, తేనెటీగ రావాలి. పక్క తోట రకం కలిసిపోతుంది కాబట్టి ఆ విత్తనం దాచేటప్పుడు జాగ్రత్త.

వరి విత్తనం దాచేవాళ్లు గట్టు వార వదిలి మడి నడుమ ఎంచుకోండి. పూత సమయంలో ఒకసారి, కోతకు ముందు ఒకసారి కేళీలు ఏరెయ్యండి. తేమ 13 శాతం మించకుండా ఆరబెట్టండి. నారు పోసే ముందు 100 గింజలు తడి గోనెలో చుట్టి చూడండి. 80 మొలిస్తే నిశ్చింత.

దాచడం నేరమని ఎవరైనా బెదిరిస్తే 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ చూపించండి. దాచుకోవచ్చు, చల్లుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఆ చట్టం కింద రక్షణ ఉన్న రకాన్ని బ్రాండు వేసి అమ్మకూడదు, అంతే. 2019లో గుజరాత్ ఆలుగడ్డ రైతుల మీద పెప్సీకో కేసులు వేసి, రైతు సంఘాలు కదిలాక వెనక్కు తీసుకుంది.

అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. ఆ చట్టం కింద నమోదైన రకం ఎట్లా పండుతుందో ఆ రకం బ్రీడర్ రైతుకు చెప్పాలి. చెప్పినట్టు పండకపోతే రైతు నష్టపరిహారం అడగొచ్చు. అయితే తాలు పోయినప్పుడు ‘ఎండకు పోయింది’ అంటారు. కాబట్టి పైరు ఎప్పుడు ఈనిందో తేదీ రాసి పెట్టుకోండి. బిల్లు, బస్తా, లేబుల్, గుప్పెడు విత్తనం కోత అయ్యేదాకా పారెయ్యకండి. పక్క పొలంలో వేరే విత్తనం అదే వారం ఈని బాగా పాలు పోసుకుని ఉంటే అది కూడా రాసుకోండి. వ్యవసాయాధికారి పొలానికి వచ్చిన రోజు ముందు ఆ కాగితమే చూపించండి.