సీతమ్మ కథ చదివాక



మీ ఇంటి ముందర ఆడపిల్లలు బొమ్మల వంట చేస్తుంటారు గదా. చిప్పలో ఇసుక పోసి అన్నం అంటారు. తువ్వాలు భుజాన వేసుకుని కొంగులాగా నడుముకు దోపుకుంటారు. అది వాళ్లకు ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. మిమ్మల్ని చూశారు, అంతే.

చెడ్డ కూడా ఇట్లాగే వస్తుంది. అమెరికాలో ఆల్బర్ట్ బండూరా అని ఒకాయన ఉండేవాడు. మనుషుల మనసు గురించి చదువుకున్నవాడు. 1961లో ఆయనా, ఆయన తోటివాళ్లూ ఒక పరీక్ష గురించి రాశారు. గాలి నింపిన పెద్ద బొమ్మను ఒక పెద్దమనిషి కొడుతుంటే కొందరు పిల్లలు చూశారు. తరవాత ఆ పిల్లల్ని బొమ్మ దగ్గర వదిలారు. చూసిన పిల్లలు, చూడని పిల్లల కంటే ఎక్కువ కొట్టారు. కొందరు అవే మాటలు కూడా అన్నారు. తాగొచ్చి తల్లిని కొట్టే తండ్రిని రోజూ చూసే పిల్లవాడి సంగతి మీకు నేను చెప్పాలా?

ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. చుట్టూ ఉన్నది మన ఆలోచనను మారుస్తుందట. ఆలోచన మన పనిని మారుస్తుందట. మనం చేసిన పని, చుట్టూ ఉన్నదాన్ని మళ్లీ మారుస్తుందట. పంతులుగారి మాటలాగా ఉంది గదా! దూబగుంట సంగతి వినండి, తెలిసిపోతుంది.

దూబగుంట నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. ఆ జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి పోయిన ఆడవాళ్లు రాత్రిపూట పలక పట్టారు. అప్పట్లో సారా ప్యాకెట్లు ఊళ్లోనే దొరికేవి. కూలి డబ్బులు ఇంటికి రాకముందే సారా అంగడికి పోయేవి. "మన తలరాత ఇంతే" అనుకునేవాళ్లు.

వాళ్ల వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. ఆ కథలో ఆడవాళ్లు కలిసి సారా అంగడి మూయిస్తారు. పాఠం చదివారు. ఇది మన కథే గదా అనుకున్నారు. వాళ్లు మూయించారు, మనం మూయించలేమా అనుకున్నారు. వర్ధినేని రోశమ్మ, ఆమెతో ఊరి ఆడవాళ్లూ కదిలారు. ఊళ్లో సారా ఆపించారు.

అక్కడితో అయిపోలేదు. అనంతర వాచకంలో "ఆడవాళ్లు ఏకమైతే" అని కొత్త పాఠం వచ్చింది. అది దూబగుంట ఆడవాళ్ల పాఠమే! సీతమ్మను చదివినవాళ్లు తామే పాఠం అయిపోయారు. నాకైతే ఈ సంగతే అన్నిటికన్నా నచ్చుతుంది. కలెక్టరుగారు వచ్చి చెప్పినా రాని ధైర్యం, మనలాంటి కూలి మనిషి చేసిందంటే వస్తుంది. పక్క ఊళ్ల ఆడవాళ్లు ఆ పాఠం చదివారు, విన్నారు, తామూ కదిలారు. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలను అడ్డుకున్నారు. సుళువుగా జరిగిందని అనుకోకండి. బెదిరింపులు వచ్చాయి. ఇంట్లో మొగుళ్లతో తగాదాలు వచ్చాయి. అయినా 1993 అక్టోబరు 1 నుంచి అప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధమే వచ్చింది.

1997లో ప్రభుత్వం మద్యనిషేధాన్ని సడలించింది. సీసాల మందు అంగళ్లు మళ్లీ తెరుచుకున్నాయి. పిల్లల కళ్ల ముందరికి మళ్లీ అదే వచ్చింది.

ఇక మీరు చెప్పండి. మీ వీధిలో మగపిల్లలు అమ్మానాన్న ఆట ఆడేటప్పుడు, నాన్న అయిన పిల్లవాడు ఇంటికి వచ్చి ఏం చేస్తున్నాడు? ఈ వారం గమనించండి. మళ్లీ కలిసినప్పుడు మాట్లాడుకుందాం.